ఎర్రమ్మత్త మైనం రాసిన కారు

సీసా మూత తిప్పగానే వాసన వచ్చింది. మొదట కిరసనాయిలులా ముక్కుకు తగిలి, ఆ వెనకే ముగ్గిన అరటిపండులా తియ్యగా మిగిలే వాసన. శ్రీకాకుళంలో మా ఇంటి ముందు, రేకుల నీడలో కారు నిలబెట్టి, పాత నేత చీర ముక్కను తడిపి పిండుతూ ఒక్క నిమిషం అలాగే ఉండిపోయాను. వరండాలో కాఫీ తాగుతున్న మా ఆయన, "ఒక్కసారి పూయిస్తే ఏళ్ల తరబడి ఉండే కోటింగులు వచ్చాయి కదా, ఇంకా ఈ మైనం గొడవేమిటి?" అన్నారు. సీసా తీసినప్పుడల్లా ఆయన అనే మాటే అది. నేనూ ఎప్పుడూ చెప్పే జవాబే చెప్పాను: "మీరు కారు నడపండి. దాని ఒంటి సంగతి నేను చూసుకుంటాను." నాకు ఓపిక తక్కువని మా స్కూలు పిల్లల దగ్గర్నుంచి మా అత్తగారి దాకా అందరికీ తెలుసు. పప్పు ఉడికేదాకా పొయ్యి దగ్గర నిలబడలేను. అలాంటిదాన్ని, ఈ ఒక్క పని దగ్గర మాత్రం పూటంతా కూర్చుంటాను. ఆ ఓపిక ఎర్రమ్మత్త పెట్టిన భిక్ష.

ఆవిడ మీకు తెలిసే అవకాశం లేదు. వంశధార సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో, ఇసుక దిబ్బల వెనక ఉన్న ఒక చేపల ఊరు వాళ్లది. టీచరుగా నాకు మొదటి పోస్టింగు అక్కడే వచ్చింది. నరసన్నపేట పక్కన వరి పొలాల మధ్య పెరిగినదాన్ని నేను. సముద్రాన్ని చుట్టపుచూపుగా చూసి రావడమే గాని, దాని పక్కన ఉండాల్సి వస్తుందని ఎన్నడూ అనుకోలేదు. మా ఆయన ఉద్యోగం విజయనగరంలో. శనివారం సాయంత్రం అక్కడికి వెళ్లి సోమవారం పొద్దున్నకి స్కూలుకి పరిగెత్తుకొచ్చేదాన్ని. మిగతా రోజులు ఎర్రమ్మత్త ఇంటి వెనక గదిలో అద్దెకుండేదాన్ని. వెళ్లిన కొత్తలోనే నా పెట్టె గొళ్లెం తుప్పు పట్టింది, గొడుగు ఊచలు తుప్పు పట్టాయి, చివరికి తలలో పెట్టుకునే పిన్నులు కూడా. "ఈ ఊళ్లో మనుషులు కూడా తుప్పు పడతారేమో" అన్నాను విసుగ్గా. ఆవిడ ఎండు చేపల చాప దులుపుతూ, తల కూడా ఎత్తకుండా, "పడతారు పంతులమ్మా. ఊరికే కూకుంటే పడతారు" అంది.

పొట్టి మనిషి, గట్టి మనిషి. ఎండు చేపలు గంపకెత్తి సంతలు తిరిగి పిల్లాణ్ణి పెంచిన మనిషి. ఆవిడ భర్త అప్పన్న చాలా ఏళ్లు గుజరాత్ వెళ్లి అక్కడి పెద్ద బోట్ల మీద పనిచేశాడట. ఆ కష్టార్జితంతో పాత కారు ఒకటి కొన్నాడు. అది పాడైపోతే మరో పాత కారు కొన్నాడు. రెండోది కొన్న కొద్దికాలానికే గుండె ఆగి పోయాడు. నేను వెళ్లేసరికి ఆ రెండో కారు, తెల్లది, ఇంటి ముందు తాటాకు పందిరి కింద ఉండేది. ఊళ్లో ఉన్నది ఆ ఒక్క కారే. అంబులెన్సు ఉప్పుటేరు అవతలి నుంచి రావాలి. వానలు పడితే ఏటి మీద దారి మునిగిపోయేది. అప్పుడు అంబులెన్సు రావడానికి ఒకసారి, మనిషిని తీసుకెళ్లడానికి ఇంకోసారి చుట్టు తిరగాలి. అందుకని ఎవరికి ఏ ఆపద వచ్చినా ముందు ఎర్రమ్మత్త గుమ్మం దగ్గరికి వచ్చేవాళ్లు. కారు నడిపేది ఆవిడ కొడుకు రమణ. సముద్రం నుంచి అప్పుడే వచ్చి అన్నం ముందు కూర్చున్నా సరే, చెయ్యి కడుక్కుని లేచేవాడు.

ఆవిడ కారుకి మైనం రాయడం నేను మొదటిసారి చూసిన రోజు, ఊళ్లో సగం మంది ఆడవాళ్లు ఆవిడతో పోట్లాడుతున్నారు. దిబ్బల అవతలి బావిలో మాత్రమే మంచినీళ్లు ఉంటాయి. వాటితో ఆవిడ కారు కడుగుతోంది. "తాగడానికి నీల్లు నేక సస్తంటే కారుకి తానమేటే ఎర్రమ్మా" అంది ఒకామె. "ఉప్పు నీల్లతోటి కడిగితే ఉప్పు పోతాదేటే? రేపు నీ కోడల్ని ఇందులోనే ఎక్కించాల, అది గేపకం ఎట్టుకో" అంది ఈవిడ. బిందెలు మోసింది తనే కాబట్టి ఎవరి దారిన వాళ్లు వెళ్లారు. కడిగి, తుడిచి, ఒళ్లు ఆరేదాకా ఆగి, బోనెట్ మీద అరచెయ్యి ఆనించి చూసింది. ఎండకి కాగి ఉంటే మైనం మరకలు కడుతుందట, చెయ్యి పెడితే చల్లగా తగలాలట. అప్పుడు సీసా బాగా కుదిపి, తడి గుడ్డ మీద నాలుగు చుక్కలు వేసుకుని, తలుపంత మేర మాత్రమే పల్చగా రాసింది. అది ఆరి విభూది పూసినట్టు తెల్లబడ్డాక, పొడి గుడ్డతో తుడిచింది. కింద నుంచి తళతళమని తెలుపు బయటికి వచ్చింది. తర్వాత పక్క తలుపు. నల్ల రబ్బరుకి మాత్రం తగలనిచ్చేది కాదు. తగిలితే ఆ తెల్ల మచ్చ ఓ పట్టాన పోదు.

అంతా అయ్యాక చెంబుడు నీళ్లు పైన చల్లింది. చేమాకు మీద పడ్డట్టు నీళ్లు ముత్యాలై జారిపోయాయి. ఆవిడ నా వైపు చూసి, "సూసినావా, నిలబడ్డానికి సోటు నేదు దానికి" అంది. ఆ తర్వాత నాకు అర్థం కాని పని ఒకటి చేసింది. కారు వెనక్కి నడిచి, వెనక తలుపు తీసి, మళ్లీ వేసింది. ఇంక పని అయిపోయినట్టు గుడ్డలు పిండుకుని లోపలికి వెళ్లిపోయింది. తర్వాత ఎన్నోసార్లు చూశాను. ఎప్పుడు మైనం రాసినా చివరికి అదే వరస. ఎందుకని అడిగితే, "అలగే సూడాల" అనేది.

మొదటి కారు కథ మాత్రం నవ్వుతూ చెప్పేది. ఉప్పుగాలికి దాని పెయింటు పొడిబారుతోందని అప్పన్నకి బెంగ పట్టుకుందట. పడవని కాపాడేది దీన్ని కాపాడదా అనుకుని, పడవ అడుగున పూసే జీడిపిక్కల నూనె ఇంటికి తెచ్చాడు. భార్య వద్దంటున్నా వినకుండా, కారు మొత్తానికి రెండు చేతులా పట్టించాడు. "మరేటవుతాది పంతులమ్మా? తెల్లటి కారు నల్లటి గేదైపోనాది. జిగురు ఆరదు. గాలికి ఇసకొచ్చి అతుక్కున్నాది, ఈగలొచ్చి అతుక్కున్నాయి, మా కోడిపెట్ట ఈక కూడా అతుక్కున్నాది. మీ మావ సేతులు రెండూ పొక్కిపోయి, నాను కలిపి ఎడితే తిన్నాడు." చెబుతూ చెబుతూ కొంగుతో కళ్లు తుడుచుకునేది, నవ్వొచ్చి. ఆ నూనె గీకించడానికి నరసన్నపేట తీసుకెళ్తే, హైవే పక్కన లారీలకి రంగులు వేసే పెయింటరు ఒకాయన తలపట్టుకున్నాడట. ఈ ద్రవ మైనం సంగతి చెప్పింది ఆయనే. మైనం తుప్పుని వదిలించదు, రాకుండా ఆపుతుంది, అందుకని పెయింటు బాగున్నప్పుడే రాయాలి అన్నాడట. అప్పటికే మొదటి కారుకి ఆలస్యమైపోయింది.

ఎంత ఆలస్యమైందో చెప్పేటప్పుడు ఆవిడ నవ్వలేదు. ఆ సంగతి ఒక మధ్యాహ్నం, చేపలకి కాకులు రాకుండా ఇద్దరం కాపలా కూర్చున్నప్పుడు చెప్పింది. రమణ భార్య పోలమ్మకి తొలి కాన్పు నొప్పులు వచ్చాయి. కారు తెచ్చి గుమ్మం ముందు పెట్టారు. వెనక తలుపు రాలేదు, అవతలి వైపుది ఎప్పటి నుంచో రాదు. అంచుల్లో పెయింటు లేచిపోయి, తుప్పు పట్టి, తలుపు బిగుసుకుపోయింది. రమణ లాగాడు, తన్నాడు, గునపం పెట్టి పెకలించాడు. ఆ పిల్ల ఇసకలో కూలబడి అరుస్తోంది. చివరికి ముందు సీట్లోనే ముడుచుకుని కూర్చోబెట్టి తీసుకెళ్లారు. పోలమ్మ దక్కింది. బిడ్డ దక్కలేదు. "ఆలీసెం వల్ల కాదని డాట్రమ్మ సెప్పింది. అయినా ఆడి సెవిలో ఆ తలుపు సప్పుడే ఉండిపోనాది. నా సెవిలోనూ" అంది ఎర్రమ్మత్త. ఆ తర్వాత నేను వెనక తలుపు గురించి మళ్లీ అడగలేదు.

ఇది తెలిశాక రమణ ముఖం కూడా నాకు వేరుగా కనిపించింది. ఆ ఏడాది చేపల వేట నిషేధం రోజుల్లో, పడవలన్నీ ఒడ్డుకి చేరి ఉన్నప్పుడు, అతను తల్లితో తెగేసి మాట్లాడాడు. నేను గడప మీద కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్నాను.

"అమ్మా, కారు అమ్మీసి పడవకి కొత్త ఇంజినేసుకుందుం. ఒడ్డుకొచ్చి ఒల్లు వాల్చేనో నేదో ఎవులికో నొప్పులంటారు, ఎవులికో జెరమంటారు. నాను మనిసిని కానేటి?"

"మనిసివి గావట్టే అడుగుతన్నారు."

"మొదటిదాన్ని తుప్పు తినీసింది. దీన్నీ తినీస్తాది. నమ్ముకున్న రోజున మల్లీ..." అని ఆగిపోయాడు. పందిరి వైపు చెయ్యి చూపిస్తూ, "నువ్వు సీసాడు మైనం పోస్తే సముద్రం ఊరుకుంటాదేటి?" అన్నాడు.

ఎర్రమ్మత్త తొందరపడలేదు. "సరే, ఈ వానాకాలం ఎల్లనీ. కార్తీకంలో నువ్వే వచ్చి సూడు. ఎక్కడైనా తుప్పు పొక్కు కనిపిస్తే నానే దగ్గరుండి అమ్మించీస్తాను. నేదంటే మరి అమ్మకం మాటెత్తకూడదు" అంది. రమణ తలూపాడు. నాకు గుండెల్లో రాయి పడింది, ఎందుకంటే అప్పటికి నాకు మూడో నెల. మా ఆయనకి కూడా ఇంకా సరిగ్గా చెప్పని మాట, తల తిరిగి పడబోయిన నన్ను పట్టుకుని ఎర్రమ్మత్త తనే కనిపెట్టేసింది. ఆ రోజు నుంచి ఆ కారు మీద ఆవిడకి ఎంత ఆశ ఉందో నాకూ అంతే ఉంది.

నిషేధం ముగిసి పడవలు సముద్రంలోకి వెళ్లే ముందు ఆ ఊళ్లో గంగమ్మకి పూజ చేస్తారు. పడవ ముక్కుకి పసుపు నూనెతో కలిపి దట్టంగా రాసి, కుంకుమ బొట్టు పెట్టి, వేప మండలు కడతారు. ఎర్రమ్మత్త పడవకి చేసినవన్నీ కారుకీ చేసింది. బోనెట్ మధ్యన అరచేతంత పసుపు, దాని మీద రూపాయి బిళ్లంత కుంకుమ. ఆ తర్వాత మైనం రాసినప్పుడల్లా, ఆ బొట్టు దగ్గరికి వచ్చేసరికి గుడ్డ చుట్టూ తిప్పేది, బొట్టుని తాకేది కాదు. అక్కడా తుడిచి రాయాలి కదా అత్తా అంటే నా మీద కోప్పడింది. "గంగమ్మ బొట్టు మనం సెరపకూడదు. పడవ మీదదైతే ఆ తల్లే కడిగీసుకుంటాది" అంది. కారు సముద్రంలోకి వెళ్లదు కదా అనుకున్నాను గాని, ఆవిడ భక్తితో వాదించే ధైర్యం నాకు లేకపోయింది. పైగా ప్రతి శుక్రవారం దాని మీదే కొత్త పసుపు పెట్టేది. వానలు వచ్చాయి, తూర్పు గాలులు వచ్చాయి. రోజూ నేను స్కూలు నుంచి రాగానే ఇద్దరం కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసేవాళ్లం. తలుపుల అంచులు, చక్రాల పైన వంపులు, లైట్ల చుట్టూ, ఎక్కడా పొక్కు లేదు. రమణ కూడా అప్పుడప్పుడూ వేలితో రాసి చూసి వెళ్లిపోయేవాడు.

కార్తీకం వచ్చింది. ఒక శుక్రవారం నేను స్కూలు నుంచి వచ్చేసరికి ఎర్రమ్మత్త కారు ముందు ఇసకలో చతికిలబడి ఉంది. కొత్త పసుపు పెట్టబోతుంటే పాతది అట్టు కట్టి పెచ్చులా ఊడిందట. దానితో పాటు పెయింటూ ఊడింది. కింద ఎర్రగా, పొక్కులు పొక్కులుగా తుప్పు. కారు మొత్తం మీద మైనం తగలని చోటు అదొక్కటే. ఉప్పుగాలి చెమ్మని పసుపు పీల్చుకుని అన్ని నెలలూ అక్కడే పట్టి ఉంచింది.

రమణ ఇంట్లో లేడు. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "మళ్లీ పసుపు పెట్టేయండి అత్తా. ఎవరికి కనిపిస్తుంది?" అన్నాను. నిజంగానే అన్నాను, నాకేం సిగ్గులేదు. కడుపులో బిడ్డని పెట్టుకుని ధర్మపన్నాలు వల్లించలేను.

ఎర్రమ్మత్త నా వంక చూసింది. "నానాడిన మాటకి నానే పసుపు పూసీమంటావేటి, పంతులమ్మా?" అంది. కోపంగా అనలేదు. రమణ వచ్చాక చెయ్యి పట్టుకుని తనే తీసుకెళ్లి చూపించింది. అతను గెలిచినట్టు మొహం పెట్టలేదు. తుప్పు మీద వేలు పెట్టి చూసి, "సరే. ఎల్లుండి నరసన్నపేట తీసికెల్తాను" అన్నాడు. ఆవిడ ఊఁ అంది. ఆ పూట ఆ ఇంట్లో ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు.

మర్నాడు వాయుగుండం వాన. పడవలు వెళ్లలేదు. మధ్యాహ్నం పిల్లలకి భోజనాలు పెడుతుండగా నాకు నడుములో మొదలైంది. నెలలు నిండలేదు, సెలవు పెట్టడానికి ఇంకా రోజులున్నాయి, ఇది అది కాదులే అనుకుంటూ గోడ పట్టుకున్నాను. రెండోసారి వచ్చేసరికి అదేనని తెలిసిపోయింది. హెడ్మాస్టరుగారు అంబులెన్సుకి ఫోను చేశారు. ఏటి మీద దారి మునిగింది, చుట్టు తిరిగి రావాలి అన్నారు. ఎర్రమ్మత్తకి ఎవరు చెప్పారో, గోనెసంచి నెత్తిన కప్పుకుని పరిగెత్తుకొచ్చింది. ఆవిడ వెనకే కారు వచ్చి గేటు ముందు ఆగింది.

రమణ దిగి వెనక తలుపు దగ్గరికి వచ్చి, దాని పిడి మీద చెయ్యి వేసి, ఆగిపోయాడు. వానలో అలా నిలబడిపోయాడు. ఏం గుర్తొచ్చి ఆగాడో నాకు తెలుసు, వాళ్లమ్మకీ తెలుసు. "తియ్యరా నాయినా" అంది ఆవిడ, మెల్లగా. అతను లాగాడు. తలుపు ఏ చప్పుడూ లేకుండా తెరుచుకుంది. అతను దాని అంచు మీద పై నుంచి కింద దాకా చెయ్యి పెట్టి ఒకసారి నిమిరి, "ఎక్కు పంతులమ్మా" అన్నాడు.

దారి పొడుగునా ఎర్రమ్మత్త ఒళ్లో నా తల. అప్పుడప్పుడూ లేచి ముందు అద్దంలోంచి చూసేదాన్ని. వాన చినుకులు బోనెట్ మీద పడి జారిపోతున్నాయి, ఆ ఊడిన చోట మాత్రం నీళ్లు నిలబడి ఉన్నాయి. "అటేటి సూస్తావు, నన్ను సూడు" అని నా మొహం తన వైపు తిప్పుకుంది ఎర్రమ్మత్త. దీపాలు పెట్టే వేళకి శ్రీకాకుళం ఆసుపత్రిలో మా అమ్మాయి పుట్టింది. తేలికగా ఉంది, కాని గట్టిగా ఏడ్చింది. వరండాలో రమణ ఆ ఏడుపు విని బెంచీ మీద కూలబడి, తనూ ఏడ్చాడట. ఈ మాట ఎర్రమ్మత్త చెప్పింది, అతను ఎప్పుడూ ఒప్పుకోలేదు.

సెలవు అయ్యాక పిల్లని ఎత్తుకుని ఆ ఊరు వెళ్లాను. కారు పందిరి కిందే ఉంది. తెల్లటి బోనెట్ మధ్యన అరచేతంత నీలం మచ్చ. తుప్పు గీకి, పడవకి వేసే నీలం రంగు వేసేశాడు రమణ. "అమ్మకం ఏమయింది?" అని అడిగాను. "ఏ అమ్మకం?" అన్నాడు అతను, వల బాగుచేసుకుంటూ. "నాను మాట తప్పనేదు, ఆడే తప్పేడు" అంది ఎర్రమ్మత్త. అంతలో ఆవిడకి ఇంకో దిగులు గుర్తొచ్చింది. బొట్టు సంగతి ఏం చెయ్యాలి, పెట్టకుండా ఉండలేదు, పెడితే మళ్లీ తుప్పు. రమణ వల పక్కన పెట్టి లేచాడు. గుడ్డ మీద మైనం వేసుకుని ఆ నీలం మచ్చ మీద రాశాడు, ఆరాక తుడిచాడు, దాని మీద పసుపు చుక్క పెట్టాడు. "మొకం కడక్కుండా ఎవులైనా బొట్టెడతారేటే అమ్మా? వారం వారం కడుగు, మైనం రాయి, అప్పుడు ఎట్టు. గంగమ్మేటీ అనదు" అన్నాడు. ఎర్రమ్మత్త ఆలోచించి, "ఈ ముక్క ముందే సెప్పొచ్చు కాదేటి" అంది. ఆ తర్వాతి ఏడు పోలమ్మని కూడా ఆ వెనక తలుపు తీసే ఎక్కించారు. మగపిల్లాడు.

బదిలీ వచ్చినప్పుడు, ఎప్పుడెప్పుడా అని ఎదురు చూసినదాన్నే, ఆవిణ్ణి పట్టుకుని ఏడ్చాను. ఇప్పుడు ఉప్పుటేరు మీద వంతెన కట్టారు, అంబులెన్సు నేరుగా వస్తోంది. ఎర్రమ్మత్త పోయినేడు పోయింది. సాగనంపడానికి వెళ్లినప్పుడు చూశాను, కారు పాతబడింది గాని, ఒంటి మీద పొక్కు లేదు.

నిన్న బోనెట్ మీది పాత బొట్టు తుడిచేసి, మైనం రాసి, మెరిసేదాకా రుద్ది, కొత్త బొట్టు పెట్టాను. చెంబుడు నీళ్లు చల్లితే జారిపోయాయి. కాలేజీకి వెళ్లే మా అమ్మాయి గుమ్మంలో నిలబడి చూస్తోంది. "అంతా అయింది కదమ్మా, ఇంకా ఏం చూస్తున్నావు?" అంది. "ఉండు" అన్నాను. కారు వెనక్కి నడిచి, వెనక తలుపు తీసి చూసి, మళ్లీ వేశాను.